మూడుసార్లు కడిగిన సీసా

పది గంటల నాలుగు నిమిషాలకు చుక్క వేశాను. గాజు పలక మీద చుక్క, చుక్క మీద పల్చటి గాజు బిళ్ళ, దాని మీద మైక్రోస్కోపు, అందులో నా కన్ను. ఇక పదకొండు దాటి నాలుగు నిమిషాలయ్యేదాకా ఈ స్టూలు దిగకూడదు, ఫోను ముట్టకూడదు, ఎవరైనా తలుపు కొడితే పలక్కూడదు. తలుపుకి లోపలినుంచి తాళం వేశాను కాబట్టి ఎవరూ రారు, వస్తే ఇంకో తాళంచెవి ఉన్న మా ల్యాబు పెద్దసారు రావాలి, రానీ, ఆయనకి చెప్పాల్సిన మాట ఇంకా నా నోట్లో తయారు కాలేదు. చుక్కలో ఉన్నవి మా అక్క వాళ్ళ వీధి నీళ్ళు. పంతొమ్మిది రోజుల కిందట ఇదే స్టూలు మీద కూర్చుని, ఇవే నీళ్ళు చూసి, భేషుగ్గా ఉన్నాయి తాగండి అని ఫోనులో చెప్పింది నేనే, ఈ నోటితోనే. అక్క ఆ మాట పట్టుకుని వీధి వీధంతటికీ చెప్పింది. ఇప్పుడీ చుక్కలో నేను వదిలిన నలుసులు గంటసేపు ఆగకుండా పరిగెత్తితే నేను బతికిపోయినట్టే. మధ్యలో ఆగిపోతే ఆ నీళ్ళలో విషం ఉన్నట్టు, పంతొమ్మిది రోజులుగా దాన్ని వాళ్ళందరిచేతా నేనే తాగించినట్టు. ఎనిమిది నెలల పసిపిల్లతో సహా.

నలుసులు అని పేరు పెట్టింది నేనే. పెద్దసారు తన వ్యాసాల్లో వాటికి మూరెడు పేరు రాస్తాడు, ఆ పేరు పూర్తిగా పలికేలోపు అవి ఈ చివరినుంచి ఆ చివరికి పోయి వెనక్కి కూడా వచ్చేస్తాయి. తలవెంట్రుకని నిలువునా పది పోగులు చేస్తే ఒక పోగు ఎంత ఉంటుందో అంత సన్నటి గొట్టాలు, రెండు వైపులా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. లోపలి గోడకి ఎంజైము పూత ఉంటుంది. చుక్కలో కాస్త పెరాక్సైడు కలుపుతాం, పుండు మీద పోస్తే తెల్లగా నురగ పొంగుతుందే, ఆ మందే. పూత దాన్ని తిని బుడగలు చేస్తుంది, బుడగ వెనకనుంచి తన్నుకుని బయటికొస్తుంది, గొట్టం ముందుకు దూకుతుంది. తోక లేదు, రెక్క లేదు, తోసేవాళ్ళెవరూ లేరు, తన పాటికి తనే పోతుంది. నీళ్ళలో పాదరసమో రాగో అలాంటి లోహం మోతాదు మించి ఉందనుకోండి, పూత చచ్చిపోతుంది. పూత చస్తే బుడగ లేదు, బుడగ లేకపోతే పరుగు లేదు, అంతే సంగతి. పెద్ద యంత్రానికి సీసా పంపి పది రోజులు ఎదురుచూసే పని ఇక్కడ గంటలో తేలిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. కొన్ని తిన్నగా పోతాయి, కొన్ని ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, ఒకటి రెండు ఎదురొచ్చిన ప్రతిదాన్నీ ఢీకొట్టి మరీ పోతాయి, వాటిని నేను మా ఆడపడుచులని పిలిచేదాన్ని. ఇవాళ నవ్వు రావడం లేదు. ఇవాళ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి బతిమాలుతున్నాను, పరిగెత్తవే తల్లీ, నీకు పుణ్యముంటుంది.

పది దాటి తొమ్మిది నిమిషాలు. మొదటి లెక్క, అయిదు నిమిషాలకోసారి ఒకటి. కంటి గొట్టంలో సన్నటి గళ్ళు గీసి ఉంటాయి, ఇరవై నలుసుల్ని ఎంచుకుని, పది సెకన్లలో ఒక్కొక్కటి ఎన్ని గళ్ళు దాటిందో చేతిలోని మీట నొక్కుతూ లెక్కపెట్టాలి. మంచినీళ్ళలో సగటున పద్నాలుగు గళ్ళు. ఏడు కంటే కిందికి దిగితే నీళ్ళు పనికిరావు. ఇప్పుడు పన్నెండు వచ్చింది. పన్నెండంటే ఏం కాదు, చలికి కూడా రెండు గళ్ళు తగ్గుతాయి, ఏసీ కింద కూర్చున్నానుగా. కిటికీ అవతల ఎవరో మోటారు సైకిల్ని తన్నుతున్నారు, స్టార్టవడం లేదు, తన్నడం మానడం లేదు. పంతొమ్మిది రోజుల కిందట ఇదే నీళ్ళకి పదహారు వచ్చింది. పదహారు! స్వచ్ఛమైన నీళ్ళకంటే ఎక్కువ. నా పక్కన కూర్చునే లెక్కలమ్మాయి, అంటే ఇక్కడ పరిశోధన చేసే పిల్ల, వేగాల లెక్కలన్నీ తనే కడుతుంది, ఆ అంకె చూసి, ఆంటీ, మీ అక్కవాళ్ళ నీళ్ళు అమృతంలా ఉన్నాయే, నాకూ ఒక సీసా పట్టించండి అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. శుద్ధమైన నీళ్ళకంటే వీధిలో పంపు నీళ్ళు శుభ్రంగా ఎలా ఉంటాయే పిచ్చిదానా అని నన్ను నేను ఒక్కమాట అడగలేదు. అడగాలని తోచలేదు. మంచిమాట చెవిన పడితే దాన్ని నిలదీసేవాళ్ళు ఎవరుంటారు.

అక్క ఆ సీసాని రెండు గంటలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తువ్వాలు చుట్టి, చేతిసంచిలో నిలువుగా పెట్టి, పక్కవాడి మోచెయ్యి తగిలితే వాడితో పోట్లాడి మరీ తెచ్చింది. వాళ్ళ వీధి చివర, లోహాలకి పూతలు వేసే కార్ఖానాకి ఇవతల, ఒక చేతిపంపు ఉంది. నీళ్ళు అదోలా ఉన్నాయని ఎవరో అంటే దానికి గొలుసు చుట్టి తాళం వేశారు. వారానికి రెండుసార్లు నీళ్ళ లారీ వస్తుంది, వచ్చినప్పుడు వచ్చినట్టు, రానప్పుడు లేదు. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, డెబ్భై బిందెల వెనక నిలబడి తన వంతు కోసం అరుస్తుంది మా అక్క. నీళ్ళు బాగానే ఉన్నాయేమో, ఊరికే తాళం వేశారేమోనని తనకి అనుమానం. ఇదే గదిలో, ఈ బల్ల అంచున సీసా పెట్టి, "నువ్వేవో నీళ్ళు చూస్తుంటావు కదే, ఇవీ చూడు. వాళ్ళమాట వీళ్ళమాట నాకొద్దు. నువ్వు చూసి చెబితే చాలు," అంది. నువ్వు చూసి చెబితే చాలు. యాభై ఒక్కేళ్ళ వయసులో మా అక్క నోట ఆ మాట విన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎవరికీ చెప్పుకోలేక, చెప్పుకోడానికి అది పెద్ద విషయం కాదని తెలిసీ, వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బాగున్నాయని చెప్పిన వెంటనే అక్క వీధిలో ఆడవాళ్ళని వెంటేసుకుని వెళ్ళి తాళం తీయించింది. మా చెల్లెలు స్వయంగా చూసిందని చెప్పిందట. లారీవాడికి కావలసిందీ అదే, ఆ వారంనుంచే రావడం మానేశాడు. అప్పటికే అక్క కూతురు పాపని తీసుకుని పుట్టింటికొచ్చి ఉంది. పాలపొడి తాగే పిల్ల. రోజూ పదకొండింటికి ఒక సీసా, ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తుంది.

పది పద్నాలుగు. పదకొండు గళ్ళు. పన్నెండునుంచి పదకొండు, ఒకటి తగ్గింది, అంతేగా. ఈ ల్యాబులో నా చెయ్యి మంచిదని పేరు. ఎవరు చేసినా నలుసులు నీరసంగా కదిలే రోజున కూడా నా చేతిలో ఉరుకులు పరుగుల మీద ఉండేవి. నలుసులు తయారుచేసేది ఇంకెవరో, మందు కలిపే కొలతలు గోడమీద అందరికీ రాసి ఉన్నాయి, అయినా నా సీసాలోనే బాగా పరిగెత్తుతాయి. పెద్దసారు బయటినుంచి ఎవరొచ్చినా నా దగ్గరికి తీసుకొచ్చి, ఈవిడ చెయ్యి మా ఆస్తి అనేవాడు. ఆయన వ్యాసంలో గొప్పగా రాసిన వేగాలన్నీ నా సీసాల్లోవే. నేనేమో చీరకొంగు సర్దుకుంటూ, అబ్బే అదేముంది సార్ అంటూ లోపల పొంగిపోయేదాన్ని. చిన్నప్పటినుంచీ అక్క నన్ను నీ చేతిలో ఏదీ నిలవదే అనేది. నీ చేతికి ఏదిచ్చినా అంతే, గ్లాసు ఇస్తే పగులుతుంది, కబురు ఇస్తే మారిపోతుంది. నిజమే అనుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక ఇరవై రెండేళ్ళలో గ్లాసు పగలగొట్టిందే లేదు. ఆ సంగతి అక్కకి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏమని చెప్తావు, నేను గ్లాసులు పగలగొట్టడం లేదు అక్కా అని ఫోను చేస్తావా.

నిన్న మధ్యాహ్నం లెక్కలమ్మాయి తన కొత్త కెమెరాని సరిచూసుకోవడానికి ఏదో ఒక నీళ్ళు కావాలని, ఫ్రిజ్‌లో మిగిలిన అక్క సీసా తీసింది. కలపడానికి తన వాడి పారేసే ప్లాస్టిక్ సీసా వాడింది, ఆ పిల్లకి కడగడమంటే బద్ధకం. ముప్పావుగంటలో నలుసులన్నీ చచ్చి పడున్నాయి. "ఆంటీ, చూశారా, నా చేతిలో అన్నీ చస్తాయి. అమృతం కూడా పనిచెయ్యలేదు," అని నవ్వింది. పెద్దసారు కూడా నవ్వాడు. ప్లాస్టిక్‌లోంచి ఏదో దిగి ఉంటుందమ్మా, నువ్వు గాజు వాడు, ఆవిడని చూసి నేర్చుకో అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వాను గానీ ఇంటికి వెళ్ళేదారిలో రెండు స్టాపులు దాటిపోయాక గాని బస్సు దిగలేదు. ప్లాస్టిక్‌ది తప్పయితే ఆ పిల్ల ఏడాదిగా అదే సీసాల్లో చేస్తోందిగా, మంచినీళ్ళలో నలుసులు ఒక్కనాడూ చావలేదే. ఈ ముక్క నా బుర్రకి తట్టాక ఇక అన్నం సహించలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చాను. నేను కడిగి బోర్లించిన సీసాల్లో ఒకటి తీసి, శుద్ధమైన నీళ్ళు సగం పోసి, బొటనవేలు మూతికి అడ్డం పెట్టి గట్టిగా ఊపాను. ఆపాను. నీళ్ళ అంచున, చుట్టూరా, చిన్న చిన్న బుడగలు వరసగా నిలబడ్డాయి. పోలేదు. నేను చూస్తూనే ఉన్నాను, అవి పోలేదు. కొత్త పెట్టె తెరిచి, ఎవరూ కడగని సీసా తీసి అలాగే ఊపాను. ఒక్క బుడగ లేదు.

సబ్బు. నా చెయ్యీ కాదు, నా మహిమా కాదు, సబ్బు. నలుసు వెనక బుడగ అంటుకుపోకుండా ఊడిరావాలంటే నీళ్ళలో కాస్త సబ్బు ఉండాలి, అందుకని అన్నిట్లోనూ కొలిచి ఒకే ఒక్క చుక్క వేస్తాం. నా సీసాలో ఆ చుక్క కాక గోడలకి పట్టినది కూడా ఉంటుంది, ఇంకేం, బుడగలు జారిపోతాయి, నలుసులు ఎగిరి దూకుతాయి, సగం చచ్చినవి కూడా ఏడు గళ్ళ గీతకి పైనే ఈదుతాయి. స్వచ్ఛమైన నీళ్ళ పరీక్ష మాత్రం అవి వచ్చిన మూతసీసాలోనే చేస్తాం, దానికి నా చెయ్యి తగలదు. అందుకే ఆ నీళ్ళకి పద్నాలుగు, నా నీళ్ళకి పదహారు. తొట్టి పైన అట్టముక్క మీద ఎర్ర సిరాతో రాసి ఉంది, పంపు నీళ్ళతో ఏడుసార్లు, శుద్ధమైన నీళ్ళతో మూడుసార్లు తొలవాలని. నేను మొత్తం మూడే తొలుస్తాను. రెండు పంపు నీళ్ళతో, ఒకటి శుద్ధమైన నీళ్ళతో. ఇరవై రెండేళ్ళుగా అంతే. బద్ధకం కాదు, ఒట్టు. బొటనవేలంత సీసాకి ఏడుసార్లు నీళ్ళు పారబోయడానికి నాకు చేతులు రావు. మా అమ్మ చెంబెడు నీళ్ళతో పది కంచాలు కడిగేది, మొదటి కంచం తొలిచిన నీళ్ళు రెండో కంచంలోకి, అందులోంచి మూడో దాంట్లోకి. మేం నీళ్ళు తెచ్చుకునే చోటు అంత దూరం. కుళాయి తిప్పి వదిలేసే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. అందుకని ఎర్ర సిరా అట్టని చూసీ చూడనట్టు మూడుసార్లకే బోర్లించేదాన్ని, పైపెచ్చు రోజూ ఇన్ని బిందెల నీళ్ళు మిగిల్చానని లోలోపల మురిసిపోయేదాన్ని. మునుపు ఇక్కడ చేసిన పనుల్లో దానివల్ల ఏ కీడూ జరగలేదు. నీళ్ళు మిగుల్చుదామని చేసిన పని, నీళ్ళ కోసం బిందె పట్టుకుని నిలబడే వీధికే ఎసరు పెట్టింది చూడు.

పది పంతొమ్మిదికి పది గళ్ళు. పది ఇరవై నాలుగు. తొమ్మిది గళ్ళు. ఆగు, ఈ తొమ్మిది నిజం తొమ్మిదేనా. ఇరవై నలుసుల్ని ఎంచుకోవాలి కదా, నేను ఏవి ఎంచుకుంటున్నాను, చురుగ్గా ఉన్నవాటినే. కన్ను వాటి వెనకే పోతోంది. గీత పక్కన ఈసురోమంటూ పడున్న మూడింటిని చూసి కూడా చూపు తిప్పేసుకున్నాను. ఛీ, నాకేం పోయేకాలం. ఎవర్ని మోసం చేద్దామని, ఈ గదిలో నేను తప్ప ఇంకో మనిషి లేదు. మళ్ళీ లెక్కపెట్టాను, ఈసారి నడిమి గీతని ఆనుకుని ఏవి ఉంటే అవి, పడుకున్నదైనా, పరిగెత్తేదైనా. ఏడున్నర. ఇది కొత్త గాజు. ఇందులో సబ్బు లేదు, ప్లాస్టిక్ లేదు, కలిపింది నేనే, కొలత చూసుకున్నాను, రెండోసారి చూసుకున్నాను. ఇక సాకు ఏదీ మిగల్లేదు. చలి ఒకటి ఉంది. లేచి ఏసీ ఆపాను. స్టూలు దిగకూడదన్న నియమం అయిపోయింది.

తాళం తిరిగిన చప్పుడయింది. పెద్దసారు. చేతిలో కాఫీ కప్పు, మొహంలో పొద్దుటి హుషారు. "ఏంటండీ, తలుపులు వేసుకుని రహస్యాలు?" అన్నాడు. చెప్పేశాను. కన్ను తియ్యకుండానే చెప్పాను, ఆయన మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక. ఊపిన సీసా బల్ల మీదే ఉంది, బుడగలు కొన్ని ఇంకా అంచు పట్టుకునే ఉన్నాయి. ఆయన దాన్ని కిటికీ వైపు ఎత్తి చూశాడు, తిప్పి చూశాడు, దించాడు. "ఏడుసార్లని రాసుంది కదండీ అక్కడ," అన్నాడు నెమ్మదిగా. మూడే కడుగుతాను సార్ అన్నాను. "ఈ ఏడాదంతా?" ఇరవై రెండేళ్ళుగా అన్నాను. ఆయన కప్పు పెట్టేసి పక్క స్టూలు మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండును. అరచేత్తో మొహం తుడుచుకుని, "గంట పూర్తి కానివ్వండి. గంట అంటే గంటే. అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దు. తేలని మాట బయటికి పోతే ఇటు మనమూ పోతాం, అటు వాళ్ళూ బెదిరిపోతారు," అన్నాడు. పాపం ఆయన్నీ అనడానికి లేదు, ఆయన ఎనిమిదేళ్ళ చాకిరీ ఇది. వెళ్ళిపోయాడు, కాఫీ తాగకుండా. తలుపు దగ్గరగా వేశాడు, తాళం వెయ్యలేదు. గంట పూర్తి కానివ్వండి. నాకు ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకా ముప్పై అయిదు నిమిషాలు నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

పది ముప్పై నాలుగు. ఇరవై తొమ్మిదిది ఎగిరిపోయింది, ఆయనతో మాటల్లో. నాలుగున్నర గళ్ళు, ఇరవైలో అయిదు కదలడం లేదు. ఒకటి నా గళ్ళ మధ్యకొచ్చి బుడగని బయటికి తొయ్యలేక మూతి దగ్గర పట్టుకుని ఆగింది. బుడగ ఉబ్బుతోంది, ఊడదు. నలుసు ఊగుతోంది, కదలదు. పోవే, పోవే అంటున్నాను. ఈపాటికి అక్క ఏం చేస్తుంటుంది. వంట అయిపోయి ఉంటుంది, గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ ఉంటుంది. నీళ్ళొచ్చాక మా అక్కకి వీధిలో పెద్దరికం వచ్చింది. మొన్న ఫోనులో, నీ పేరు చెప్పి అందరూ నాకు కుర్చీ వేస్తున్నారే అంది, గొంతులో నవ్వు దాచుకోలేకపోయింది. అక్క నన్ను మెచ్చుకున్నది ఎప్పుడో తెలుసా, నాకు ఏడేళ్ళప్పుడు, జ్వరంలో చేదుమందు మారాం చెయ్యకుండా మింగినప్పుడు. మళ్ళీ ఇప్పుడే. మధ్యలో నలభై నాలుగేళ్ళు ఖాళీ. ఆ కుర్చీ నేను ఫోను చేసిన నిమిషంలో పోతుంది. నిన్ను నమ్ముకున్నందుకు నన్ననాలి అంటుంది. నీ చేతిలో ఏదీ నిలవదే అంటుంది, ఈసారి ఆ మాట అనడానికి ఆమెకి పూర్తి హక్కుంది. అనొచ్చు. ఎన్నయినా అనొచ్చు. పంతొమ్మిది రోజుల్లో పాప కడుపులోకి పోయిన సీసాలు ఎన్ని, రోజుకి అయిదు చొప్పున, వద్దు, లెక్కపెట్టకు. లెక్కపెట్టావు. తొంభై అయిదు.

గంట అంటే గంటే. పదకొండు నాలుగుదాకా. పాలసీసా పదకొండింటికి. ఈ రెండు అంకెలూ నా బుర్రలో పక్కపక్కనే ఇందాకటినుంచీ ఉన్నాయి, నేనే వాటిని కలవనివ్వడం లేదు. గంట పూర్తయ్యాక ఫోను చేస్తే ఇంకో సీసా పాలు ఆ పిల్ల తాగేసి ఉంటుంది. ఒక్క సీసాకి ఏమవుతుందిలే, తొంభై అయిదు తాగాక. ఇదిగో, ఇలాంటి మాటలు వస్తున్నాయి నాకు. ఇరవై రెండేళ్ళుగా గోడమీద రాసిన నియమాన్ని చూసీ చూడనట్టు పోయినదాన్ని, ఇవాళ నియమం నియమం అని దాన్ని పట్టుకుని ఎందుకు వేలాడుతున్నాను. నాకు నియమం మీద భక్తి పుట్టిందా. లేదు. భయం. అక్క గొంతంటే భయం. ముప్పై నిమిషాలు వాయిదా దొరికితే ముప్పై నిమిషాలు దాక్కుందామని. నీళ్ళు మంచివని చెప్పడానికి గంట కావాలి, నిజమే. చెడ్డవేమోనని చెప్పడానికి గంట ఎందుకే, అనుమానం చాలదా. రేపు ఇదంతా తప్పని తేలితే అక్క నన్ను వెర్రిదంటుంది, అనదూ మరి, అంతేగా. అంతకంటే ఏం పోతుంది. పది ముప్పై తొమ్మిది. మూడు గళ్ళు. ఇరవైలో తొమ్మిది ఆగిపోయాయి. కన్ను తీశాను, కంటి చుట్టూ గొట్టం అచ్చు నొప్పిగా ఉంది. సంచిలో ఫోను అడుగున ఉంది, టిఫిన్ డబ్బా కింద, దొరకదు, అన్నీ బల్ల మీద గుమ్మరించాను.

ఆరుసార్లు మోగాక ఎత్తింది. "ఏంటే, పనివేళ ఫోను? ఒంట్లో బాగానే ఉందా?"

"అక్కా, పాపకి పాలు కలిపారా?"

"ఇప్పుడే అమ్మాయి నీళ్ళు కాస్తోంది. ఏం?"

"ఆపమను. ఆ నీళ్ళు పారబోయమను. నువ్వూ తాగొద్దు, ఎవరూ తాగొద్దు." ఊపిరి తీసుకుంటే మళ్ళీ చెప్పలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. "మొన్న బాగున్నాయన్నాను కదా, అది తప్పక్కా. నేను సీసా సరిగ్గా కడగలేదు. సబ్బు ఉండిపోయింది. ఆ సబ్బువల్ల మంచి నీళ్ళలా కనపడ్డాయి. ఇవాళ మళ్ళీ చూశాను. గంట ఇంకా కాలేదు, అయినా చూస్తుంటే తెలుస్తోంది. మంచివి కావు."

అవతల అక్క కేక, నాకు కాదు, లోపలికి. "ఆ గిన్నె దించవే! దించి పారబొయ్యి! ఎందుకని అడక్కు!" గిన్నె నేలకి తగిలిన చప్పుడు, పాప ఏడుపు. నేను కళ్ళు మూసుకుని తిట్ల కోసం కాచుక్కూర్చున్నాను. ఫోను దగ్గరికొచ్చిన అక్క గొంతు మాత్రం తగ్గిపోయింది, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"ఈ సబ్బు సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"మా సారుకి చెప్పాను. తరవాత నీకే."

"ఇక్కడెవరికీ తెలియక్కర్లేదు. నీళ్ళు ఇప్పుడే పాడయ్యాయని చెబుతాను. మొన్న బాగానే ఉన్నాయి, ఈ వారం కార్ఖానావాళ్ళు ఏదో వదిలారు, మా చెల్లెలు మళ్ళీ చూసి కనిపెట్టింది. అలా చెబుతాను. నువ్వు నోరెత్తకు. నీ పేరు చెడిపోకూడదు. ఉద్యోగం కూడా ఉందిగా నీకు."

యాభై ఒక్కేళ్ళుగా నన్ను ఏకిపారేసిన మనిషి, నేను తన మనవరాలి నోట్లో విషం పోయించానని తెలిసిన నిమిషంలో, నాకోసం అబద్ధం వెతుకుతోంది. నాకు ఏడుపొచ్చింది, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను, ఫోను చెవికి అలాగే ఉంది. అక్క ఊరుకోవే, ఊరుకోవే అంటోంది. ఎంత బాగుంది ఆ అబద్ధం. సరే అక్కా అంటే అయిపోతుంది. నలుసులు ఎవరికీ చెప్పవు. పెద్దసారు కూడా చెప్పడేమో. వీధిలో వాళ్ళు నన్ను ఇంకా మెచ్చుకుంటారు. నీళ్ళు ఈ వారమే పాడయ్యాయనుకుని, రెండు రోజులు తాగాం, పోనీలే అనుకుంటారు. ఇంట్లోనే ఉంటారు.

"వద్దక్కా," అన్నాను. "అలా చెబితే డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు. పంతొమ్మిది రోజులు తాగామని వాళ్ళకి తెలియాలి. రక్తం చూపించుకోవాలి. పిల్లలకైతే ఇవాళే చూపించాలి."

చేతిపంపు కొడుతున్న చప్పుడు ఫోనులో వినిపిస్తోంది, బిందె మార్చారు, మళ్ళీ కొడుతున్నారు. తను గుమ్మంలోంచి లేచి నడుస్తోందని తెలుస్తోంది, మెట్టు దిగినప్పుడల్లా అమ్మా అంటోంది.

"పంపు దగ్గరికొచ్చాను. పదిమంది ఉన్నారు," అంది చివరికి. "నాకు నోరు రాదే. నువ్వే చెప్పు. స్పీకరు పెడుతున్నాను."

గాలి హోరు, ఎవరిదో నవ్వు, బిందెల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా నా గదిలోకి వచ్చాయి. తలుపు దగ్గర అలికిడయితే తిరిగి చూశాను, పెద్దసారు నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. గడియారం వైపు చూశాడు, పది నలభై ఆరు. నా వైపు చూశాడు. ఆపుతాడేమో అనుకున్నాను, ఆపలేదు, లోపలికొచ్చి నేను వదిలేసిన స్టూలు మీద కూర్చుని గొట్టానికి కన్ను ఆనించాడు.

"అందరూ కాస్త బిందెలు కింద పెట్టండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ నీళ్ళు తాగొద్దు."

"ఎవరు మాట్లాడేది?" అంది అవతల ఎవరో పెద్దావిడ, విసురుగా.

"మా చెల్లెలు," అంది అక్క. "చెప్పనివ్వండి."

నేను సీసా కడగడంనుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.